సుంకి ఘాట్‌ మీద పాత ఎంజీఏ: డ్రమ్ములే ఉంచాలా, డిస్కులు వేయాలా?

జయపురం_ఎంజీఏ
మా పెదనాన్నగారి 1957 ఎంజీఏ 1500, అదే ఎంజీ కంపెనీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజను, గేర్లు బాగున్నాయి. చిక్కంతా బ్రేకులతోనే. కోరాపుట్ నుంచి పొట్టంగి మీదుగా సాలూరు వెళ్తుంటే, సుంకి ఘాట్ సగం దిగేసరికి పెడల్ బాగా లోపలికి పోతుంది, కాలిన వాసన మొదలవుతుంది. నాలుగు చక్రాలకూ పది అంగుళాల డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలి గోడకు షూలు ఆనుకుని బండిని ఆపేవి. ముందు చక్రాలకు డిస్కులు (తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు పట్టే బ్రేకులు) వేయిద్దామని నేను, అసలు బండిని ముట్టుకుంటే ఊరుకోనని మా అన్నయ్య. పెద్దలు చెప్పండి.

పర్లాకిమిడి_పాతబండి
నా ఓటు మీ అన్నయ్యగారికే. డిస్కుల మాట ఎత్తే ముందు డ్రమ్ములు విప్పి లేత్ మిషన్ మీద తిప్పించి చూశారా? అవి గుండ్రంగా ఉండకపోతే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. షూల మీద రాపిడికి ఉండే లైనర్లు కొత్తవి వేసినా డ్రమ్ము వంపుకు తగ్గట్టు అరగదీయకపోతే మధ్యలో ఒక చారెడు మేరే ఆనుతాయి. ఆ కాస్త చోటే బండి బరువంతా మోయాలి, కాలక ఏం చేస్తుంది?
ఇంకొకటి. ఘాట్‌లో లారీ వాళ్లు పాటించే పద్ధతి మీకు తెలిసిందే: ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. మీ బండిలో ఒకటో గేరుకు సింక్రో (బండి కదులుతుండగా గేరు సాఫీగా పడనిచ్చే ఏర్పాటు) లేదు, దిగుడు మధ్యలో దాన్ని వెతుక్కుంటే దొరకదు. పైనే రెండులో పెట్టుకుని బయలుదేరండి.

బరంపురం_గ్యారేజీ
పర్లాకిమిడి గారూ, లేత్ పని చేయించాల్సిందే, కాదనను. కానీ వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. పెడల్ లోతుకు పోవడానికి అదొక కారణం, దాన్ని ఏ లేతూ మార్చలేదు. డిస్కుకు ఆ బాధ లేదు, పైగా గాలి నేరుగా తగులుతుంది. వానాకాలంలో కోరాపుట్ వైపు నీళ్లలోంచి వెళ్లిన డ్రమ్ములు కాసేపు పట్టవన్నది వేరే కథ.
అసలుతనం గురించి అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. 1959లో ఎంజీఏ 1600 తెచ్చినప్పుడు ఎంజీ వాళ్ల అబింగ్డన్ కర్మాగారం వాళ్లే ముందు చక్రాలకు డిస్కులు వేశారు. అంతకు ఆరేళ్ల ముందే, 1953లో, డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు ఫ్రాన్స్‌లోని లె మాన్ కార్ల పందెం గెలిచింది. కంపెనీ రెండేళ్ల తర్వాత తానే చేసిన మార్పును మనం చేస్తే అపచారమా?

పర్లాకిమిడి_పాతబండి
కంపెనీ చేసింది 1600కు. వీరిది 1500. కారు పేరే మార్చి అమ్మినప్పుడు అది వేరే బండి కాదా? పోనీ వేశారనుకుందాం. డ్రమ్ము బ్రేకుల లైనులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని తీయకుండా కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బిగిస్తే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. ఈ సంగతి తెలియని చోట డిస్కులు వేయించుకుని, డ్రమ్ములకంటే ముందే కాలబెట్టుకున్న బండి మా ఊళ్లోనే ఉంది.

బరంపురం_గ్యారేజీ
అది మెకానిక్ తప్పు, డిస్కు తప్పు కాదు!

రాయగడ_కాగితాలు
మీరిద్దరూ ఇనుము చూస్తున్నారు, నేను కాగితం చూస్తాను. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, రిజిస్టరై 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. పెద్ద మార్పులు చేయకూడదంటూ చాసిస్, బాడీ షెల్, ఇంజన్ల పేర్లు చెప్పారు. బ్రేకుల ప్రస్తావన లేదు. లేదు కదా అని అనుమతి ఉన్నట్టు అనుకోవద్దు, మోటారు వాహనాల చట్టంలో మార్పుల మీద 52వ సెక్షన్ ఉండనే ఉంది. ముందు ఆర్టీవో దగ్గర అడగండి.
అన్నట్టు, ఆ నంబరు తీసుకుంటే బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. వారం వారం సాలూరు వెళ్లాలంటే దాని జోలికి పోకండి.

గుణుపురం_లోయదారి
డిస్కా డ్రమ్మా అని ఇంత వాదించుకుంటున్నారు, అసలు ప్రమాదం ఎవరికీ పట్టలేదు. ఆ బండిలో బ్రేకు ఆయిల్ దారి ఒక్కటే. ఒక్క రబ్బరు హోసు పగిలిందా, నాలుగు చక్రాలూ పోయినట్టే. మీరు డిస్కు వేసినా అదే, డ్రమ్ము ఉంచినా అదే. ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు దారులుండే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) పెట్టించడానికి డబ్బు పెడితే నేను మెచ్చుకుంటాను. అప్పటిదాకా చేతి బ్రేకే దిక్కు. ఆ బండిలో దాన్ని పైకి లాగి కొసన ఉన్న బొత్తాం నొక్కితేనే నిలుస్తుందని ఇంట్లో బండి నడిపే వాళ్లందరికీ నేర్పండి.
జయపురం తమ్ముడూ, ఒక ప్రశ్న. ఘాట్‌లో పెడల్ గట్టిగా ఉండి బండి ఆగడం లేదా, మెత్తగా దిగిపోతోందా? గట్టిగా ఉంటే లైనర్లు కాలి పట్టు తప్పాయి. మెత్తబడితే ఆయిల్ మరుగుతోంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మన కొండల వానలకు తేమ పీల్చకుండా ఉంటుందా?

జయపురం_ఎంజీఏ
మెత్తగానే దిగిపోతుందండీ. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కాస్త పైకి వస్తుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాస్టర్ సిలిండర్ మూత తీసి చూస్తే టీ డికాషన్ రంగులో ఉంది.

బరంపురం_గ్యారేజీ
అయితే డిస్కులు ఆపండి, ఈ ఒక్క విషయంలో పర్లాకిమిడి గారితో రాజీ పడతాను. మొదట హోసులన్నీ కొత్తవి వేయించి, పాత ఆయిల్ పూర్తిగా తోడేసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం దగ్గర మొదలుపెట్టి బ్రేకు లైనులోని గాలి తీయించండి. హోసులు బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వవు, వాటిని చూసి మోసపోకండి. డ్రమ్ములూ అప్పుడే విప్పించండి. ఇంత చేసినా సుంకి దగ్గర పెడల్ దిగితే అప్పుడు మళ్లీ రాయండి. డిస్కుల మీద నా మాట మాత్రం మారదు.

పర్లాకిమిడి_పాతబండి
నాదీ మారదు. మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.