భద్రత కోసం నిఘా: ప్రభుత్వాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఉగ్రవాద దాడులను ఆపడానికి ప్రభుత్వానికి కొంత నిఘా అధికారం ఇవ్వక తప్పదని ఒప్పుకుంటాను. కానీ అది గుట్టుగా సాగుతున్నప్పుడు దుర్వినియోగం కావడం లేదని పౌరులకు ఎలా తెలుస్తుంది?

జవాబు 1: అమెరికా అనుభవం చూడండి. 2001 నాటి ఉగ్రవాద నిరోధక చట్టమైన పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్‌ను ఆధారం చేసుకొని, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలను జాతీయ భద్రతా సంస్థ మూకుమ్మడిగా సేకరించింది. 2013లో ఆ సంస్థకు కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ రహస్య పత్రాలు బయటపెట్టాక గానీ ప్రభుత్వం ఆ సంగతి ఒప్పుకోలేదు. మాటలు వినలేదు కదా అని కొందరంటారు. అర్ధరాత్రి ఒక ఇంటి నుంచి ఆత్మహత్యల నివారణ కేంద్రానికి కాల్ వెళ్లిందని తెలిశాక, ఇక మాటలు వినాల్సిన పనేముంది?

జవాబు 2: నిజమే, అయినా నిఘా అంతా వృథా అనుకోవడం పొరపాటు. ఒక అనుమానితుడిపై న్యాయమూర్తి వారెంటుతో, గడువు పెట్టి చేసే నిఘా వేరు. అందరి వివరాలూ పోగుచేయడం వేరు. ఆ ఫోన్ వివరాల సేకరణ ఏ ఉగ్రవాద దర్యాప్తు ఫలితాన్నీ మార్చిన ఉదాహరణ తమకు కనిపించలేదని పౌరుల గోప్యత, స్వేచ్ఛల రక్షణను చూసే అక్కడి ప్రభుత్వ పర్యవేక్షణ మండలి 2014లో తేల్చింది. ఆ మూకుమ్మడి సేకరణను ఆపేలా 2015లో చట్టమే మారింది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది, అంతకాలం ఆ సేకరణకు అనుమతినిచ్చిన రహస్య న్యాయస్థానం (నిఘా అభ్యర్థనలను గుట్టుగా విచారించే అమెరికా కోర్టు) ప్రభుత్వ వాదన మాత్రమే విన్నదన్న విషయం.