ఐడ్లింగ్ బాగానే ఉంది, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే మాత్రం ఇంజిన్ ఆగిపోతోంది

నల్లగొండ_రోడ్డు:
అందరికీ నమస్కారం. నాది 2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఒకటే బాధ. ఐడ్లింగ్‌లో ఎంతసేపు ఉంచినా చక్కగా ఉంటుంది, ఊళ్లో 40లో పోతే ఏ గొడవా లేదు, హైవే ఎక్కి థర్డ్‌లోనో ఫోర్త్‌లోనో గట్టిగా నొక్కితే మాత్రం రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోతుంది. మొన్న ఆదివారం చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే సరిగ్గా దాని పక్కన ఉండగా ఆగింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, వెనక సీట్లో అమ్మ, పిల్లలు, వెనకాల బస్సు హారన్. లారీ ముందుకెళ్లాక ఎలాగో ఎడమకి లాగి ఆపాను. రెండు నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది.

ఇప్పటికి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఒక కాయిల్ మార్పించాను, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) క్లీన్ చేయించాను. 6 వేల పైనే అయింది, రవ్వంత తేడా లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలగట్లేదు. ఇప్పుడు మెకానిక్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయి ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌ది వేస్తే 18 వేలు అంటున్నాడు. వేయించమంటారా? ఇంట్లో వాళ్లని ఎక్కించుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

స్పానర్_సెట్టు:
ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి అన్నా. ముందు ఒక్కటి గమనించి చెప్పండి, ఆగేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఎలా పడుతోంది? గేర్లో ఉండి చక్రాలు ఇంజిన్‌ని ఇంకా తిప్పుతుండగానే ముల్లు టక్కున సున్నాకి పడిపోతే క్రాంక్ సెన్సర్‌ని (ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టి కంప్యూటర్‌కి చెప్పేది) అనుమానించాలి, అది వేడెక్కితే సిగ్నల్ ఆపేసి చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. అలా కాకుండా బండి స్పీడుతో పాటు ముల్లు మెల్లగా దిగుతూ, మధ్యలో దగ్గినట్టు కుదుపులొస్తే ఇంజిన్‌కి పెట్రోల్ అందట్లేదని నేనైతే అనుకుంటాను. ఇంకోటి, ఆగినప్పుడల్లా ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది?

బెజవాడ_కారు:
నాకూ అచ్చం ఇలాగే అయింది బ్రో. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే రబ్బరు గొట్టం మడతల్లో పగిలింది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, నొక్కినప్పుడు ఇంజిన్ ఊగి ఆ పగులు తెరుచుకునేది. చేత్తో వంచి చూడండి, పైసా ఖర్చు లేదు.

స్పానర్_సెట్టు:
చూడటం మంచిదే. కాకపోతే ఆ పగులు వల్ల బండి ఆగిపోయేది లోపలికి వెళ్లే గాలిని థ్రాటిల్‌కి ముందే ఎంఏఎఫ్ సెన్సర్‌తో కొలిచే బళ్లలో. మన చిన్న పెట్రోల్ బళ్లు చాలావాటిలో థ్రాటిల్ దాటాక గాలి ప్రెషర్ చూసే ఎంఏపీ సెన్సరే ఉంటుంది, వాటికి థ్రాటిల్‌కి ముందు గాలి లీకైనా పెద్దగా తేడా రాదు.

నల్లగొండ_రోడ్డు:
గొట్టం బాగానే ఉందండి. ముల్లు మెల్లగానే దిగుతోంది, కుదుపులతోనే. పెట్రోల్ సంగతి మీరడిగాకే ఆలోచించాను, ఎప్పుడూ రిజర్వ్‌కి వచ్చేదాకా తిప్పి 500, 1000 కొట్టించడం నాకు అలవాటు. నిన్న సగం ట్యాంకు ఉన్నప్పుడు కూడా ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కుదిపింది, ఆగలేదు.

పాత_ఇంజిన్:
తమ్ముడూ, పార్టులు మార్చడం ఆపి ముందు పెట్రోల్ ప్రెషర్ కొలిపించు. ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లు. చాలా చిన్న పెట్రోల్ బళ్లకి 3 నుంచి 4 బార్లు (ప్రెషర్ కొలత) ఉంటుంది, నీ మోడల్‌కి ఎంతో మాన్యువల్లో ఉంటుంది. అయితే ఐడ్లింగ్‌లో గేజ్ చూసి బాగుందని వదిలేస్తే లాభం లేదు. ఐడ్లింగ్‌లో తాగేది చాలా తక్కువ, నీరసించిన పంపు కూడా ఆ మాత్రం ఇస్తుంది. పూర్తిగా నొక్కితే దానికి పది రెట్లు పైనే కావాలి, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. గేజ్ గొట్టం బయటికి తీసి అద్దం మీద కనపడేలా కట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఖాళీ రోడ్డు మీద లాగి చూడాలి.

గేజ్ దొరక్కపోతే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్లో చూపేది) పెట్టి ముందు సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడు. గట్టిగా నొక్కినప్పుడు అది 0.8, 0.9కి ఎగబాకాలి. 0.1కి పడిపోతుంటే పెట్రోల్ చాలట్లేదన్నట్టే. లైటు వెలగలేదు కదా అని లోపం లేదనుకోకు.

రిజర్వ్‌లో తిప్పడం మానెయ్. ట్యాంకులో పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. పెట్రోల్ లైను విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆగేదాకా నడిపించి ప్రెషర్ దించాలి, తర్వాత బ్యాటరీ నెగటివ్ తియ్యాలి. అదేదీ లేకుండా విప్పితే పెట్రోల్ మొహాన కొడుతుంది. బాగయ్యేదాకా పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కకు.

నల్లగొండ_రోడ్డు:
దొరికిందండీ! ఐడ్లింగ్‌లో 3.4 బార్లు. థర్డ్‌లో గట్టిగా నొక్కగానే 2 కిందికి జారిపోయింది, అదే క్షణంలో కుదుపు మొదలైంది, నా కళ్లతో చూశాను. వెనక సీటు ఎత్తి మూత తీసి పంపు బయటికి లాగితే అడుగున తెల్లగా ఉండాల్సిన, పెట్రోల్ వడగట్టే జాలీ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, వేలితో రాస్తే జిగటగా నల్లటి మడ్డి అంటింది. ట్యాంకు కడిగించి, జాలీతో సహా పంపు మొత్తం కొత్తది వేయించాను, మజూరీతో కలిపి 5,800. నిన్న ఒక్కణ్నే సూర్యాపేట దాకా వెళ్లొచ్చాను, ఏసీ వేసి ఎంత నొక్కినా ఒక్క కుదుపు లేదు. మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్, నిజంగా.

పాత_ఇంజిన్:
సంతోషం తమ్ముడూ. పంపు కనెక్టర్ చూశావా? పిన్ను మాడి ఉంటే కొత్త పంపుకీ కరెంటు సరిగా అందదు.

నల్లగొండ_రోడ్డు:
చూశాం అన్నా, ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. సాకెట్ కోసి కొత్తది వేశాడు. ఇంజిన్ నడుస్తుండగా మీటర్ పెడితే పంపు దగ్గర 13.6 వోల్టులు వస్తోంది.