వనభోజనాల పళ్ల సలాడ్: మధ్యాహ్నం దాకా నీరు కారకుండా ఎలా?

ప్రశ్న (విజయనగరం):
కార్తీక వనభోజనాలకి పదిమందికి సరిపడా పళ్లు, జీడిపప్పు వేసి సలాడ్ పట్టుకెళ్లాలండి. ఉదయం 8కి ఇంట్లోనే కలిపేస్తే ఒంటిగంటకి గిన్నె అడుగున నీళ్లు, జామముక్కలు నల్లగా, జీడిపప్పు మెత్తగా అయిపోతున్నాయి. జామ, కమలా, అరటిపండు, దానిమ్మ వేస్తున్నాను. ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఏటి మార్చాలి?

జవాబు (శ్రీకాకుళం):
కలిపే వేళ మార్చండి, సగం బాధ పోతుంది. ఉప్పు, తేనె తగిలిన పండుముక్క తనలోని నీటిని బయటికి వదిలేస్తుంది. అయిదు గంటలు అలా ఉంటే నీళ్లు చేరక మానవు. అందుకే మూడు డబ్బాలు: పళ్లు ఒకదాంట్లో, పులుపు (నిమ్మరసం, తేనె, ఉప్పు కలిపిన రసం) సీసాలో, పప్పులు విడిగా. ఆకు ముందు కూర్చోడానికి 10 నిమిషాల ముందు కలిపితే చాలు.

పదిమందికి: దోరజామ ముప్పావు కిలో, కమలాలు 6, దానిమ్మలు 2, సన్నగా తురిమిన క్యారట్ పావుకిలో, ఖర్జూరాలు 10. జామ బాగా పండిందైతే ముద్దయిపోతుంది, నొక్కితే కొంచెం గట్టిగా ఉండాలి. మధ్యలోని గింజల భాగం తీసేయండి, పెద్దవాళ్లు నమలలేరు. లీటరు నీళ్లలో ఒక నిమ్మకాయ పిండి, కోసిన ముక్కలు 5 నిమిషాలు ఉంచి, వార్చి, బట్టమీద ఆరబెట్టండి. నల్లబడ్డానికి కారణం కోసిన చోట గాలి తగలడం. నిమ్మపులుపు దాన్ని ఆపుతుంది. తడి ఆరకుండా డబ్బాలో వేస్తే మళ్లీ నీళ్లే.

అరటిపండు మాత్రం మానేయండి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా మధ్యాహ్నానికి జిగురవుతుంది.

జవాబు (పలాస):
జీడిపప్పు సంగతి నేను చెప్తాను. సలాడ్‌కి గుండు (విరగని పూర్తి పప్పు) కొనక్కర్లేదు, బద్ద (రెండుగా చీలిన పప్పు) చాలు. 150 గ్రాములు. కొనేటప్పుడు ఒకటి నమిలి చూడండి, పాతనూనె వాసనొస్తే వద్దు, వేయించినా పోదు. మందపాటి మూకుడులో, చిన్నమంట మీద, కలుపుతూ వేయించండి. లేత ఎండుగడ్డి రంగు రాగానే దించి వెంటనే పళ్లెంలోకి పోసెయ్యండి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతుంది. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వెచ్చగా ఉండగా మూస్తే ఆవిరి పట్టి మెత్తబడుతుంది, మీది బహుశా అదే. వేరుసెనగ 100 గ్రాములు వేయించి, పొట్టు తీసి చేర్చితే కరకర బాగుంటుంది.

మళ్లీ ప్రశ్న:
పులుపు కొలత చెప్పండి. నిమ్మకి బదులు ఉసిరి వెయ్యొచ్చా? పెరుగు కలిపితే?

జవాబు (శ్రీకాకుళం):
నిమ్మరసం 4 చెంచాలు, తేనె 2, నువ్వులనూనె 2, ఉప్పు 1, వేయించిన జీలకర్ర పొడి 1, మిరియాల పొడి అర చెంచా. సీసాలో పోసి, వడ్డించేముందు గట్టిగా కుదపండి. ఉసిరైతే పెద్దవి 2 తురిమి పిండి ఆ రసం వాడండి, నిమ్మరసం 2 చెంచాలకి తగ్గించండి. తురుము అలాగే వేస్తే వగరు మిగతా రుచులన్నిటినీ తొక్కేస్తుంది.

పెరుగు వద్దండి. ఎండలో పులిసిపోతుంది. అందులో వండని అనాసముక్క పడితే చేదు కూడా, దానిలోని రసం పాలలోని మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది.

జవాబు (బొబ్బిలి):
పంపరపనస దొరికితే కమలా మానేసి అదే వేయండమ్మా. తొన విప్పినా రసం కారదు, ముత్యాల్లా విడివిడిగా నిలబడుతుంది. పొర మాత్రం చేదు, చిన్నముక్క కూడా ఉండకూడదు. కమలాయే వేస్తే తొన పొర చింపకండి, పైఅంచు మాత్రం చీల్చి గింజలు తీసి, తెల్లపీచు వొలిచేస్తే చాలు.

మళ్లీ ప్రశ్న:
మిగిలితే సాయంత్రానికి ఉంచొచ్చా?

జవాబు (శ్రీకాకుళం):
పులుపు కలిపింది ఉంచకండి. అందుకే ఒకేసారి అంతా కలపొద్దు, అయిదుగురికి ఒకసారి, మిగతా అయిదుగురికి మరోసారి.