టెట్రికస్ పేరుతో ఉన్న మొరటు నాణెం నకిలీదేనా? తర్వాత ఎవరి నాణేలు వెతకాలి?

ప్రశ్న (కొత్తసేకర్త):
అందరికీ నమస్కారం. మూడో శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యం నుంచి విడిపోయి సొంతంగా పాలించిన చక్రవర్తుల నాణేలను ఈ మధ్యనే సేకరించడం మొదలుపెట్టాను. ప్రస్తుతానికి నా దగ్గర పోస్టుమస్, విక్టోరినస్‌ల నాణేలు ఒక్కొక్కటి, టెట్రికస్ పేరుతో ఉన్నవి రెండు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి నన్ను తికమక పెడుతోంది. అది అడ్డంగా 14 మిల్లీమీటర్లకు మించదు. బొమ్మ వైపు కిరణ కిరీటం, గడ్డం స్పష్టంగానే ఉన్నాయి గానీ చుట్టూ ఉండవలసిన పేరు సగం దూరం వెళ్లాక వట్టి నిలువు గీతలుగా మారిపోయింది. బొరుసు వైపు దేవత పుల్లలతో కట్టిన బొమ్మలా ఉంది. దీన్ని నకిలీగా భావించి పక్కన పెట్టాలా? అలాగే ఇకపై లేలియానస్, మారియస్‌ల కోసం వెతకడం మంచిదా, లేక బ్రిటన్‌ను పాలించిన కరౌసియస్ వైపు వెళ్లడం మంచిదా?

జవాబు (పాతనాణెం):
మీ నాణెం నకిలీదే కావచ్చు, కానీ ఆ నకిలీ కూడా దాదాపు పదిహేడు వందల ఏళ్ల నాటిదై ఉంటుంది. 274లో టెట్రికస్ నేటి ఫ్రాన్స్‌లోని షాలోన్ దగ్గర రోమ్ చక్రవర్తి ఆరేలియన్‌కు లొంగిపోవడంతో, పోస్టుమస్ నుంచి టెట్రికస్ వరకు సాగిన ఆ విడి రాజ్యం, అంటే గాలిక్ సామ్రాజ్యం ముగిసింది. ఆ సంవత్సరమే ఆరేలియన్ ప్రవేశపెట్టిన మెరుగైన నాణేలు గాల్ (ఇంచుమించు నేటి ఫ్రాన్స్), బ్రిటన్ ప్రాంతాలకు చాలినన్ని చేరకపోవడంతో, చిల్లరకు కటకటలాడిన జనం అలవాటైన టెట్రికస్ నాణేన్నే నమూనాగా పెట్టుకుని స్థానికంగా ముద్రించుకున్నారు. అచ్చు చెక్కినవారిలో చాలామందికి లాటిన్ చదవడం రాదు కనుక అక్షరాలు గీతలయ్యాయి, దేవతలు గుర్తుపట్టలేని రూపాల్లోకి వెళ్లారు. ఇవి బ్రిటన్‌లో దొరికిన నిక్షేపాల్లో కుప్పలుగా కనిపిస్తాయి. నా మటుకు నాకు నున్నగా ఉన్న అధికారిక నాణెం కన్నా వీటిలోనే ఆనాటి బజారు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి దాన్ని పారేయకండి, ‘అనుకరణ’ అని రాసి ఉంచుకోండి.

ఆధునిక నకిలీ అయితే ఆనవాళ్లు వేరుగా ఉంటాయి. పోతపోసి చేసిన నాణెం అంచు చుట్టూ సన్నని అతుకు గీత గానీ దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ గానీ కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు, అక్షరాల మూలల్లో మొద్దుతనం తెలుస్తాయి. సుత్తి దెబ్బతో ముద్రించిన నాణేనికి అంచులో చిన్న పగుళ్లు సహజం. అసలు జాగ్రత్త పడవలసింది లేలియానస్ విషయంలో. 269లో నేటి జర్మనీలోని మైంజ్‌లో తిరుగుబాటు చేసి కొద్ది నెలల్లోనే అంతమైన అతని నాణేలు తక్కువ కనుక, మామూలు నాణెం మీద పేరును మళ్లీ చెక్కి అతనిదిగా చూపించడానికి అవకాశం ఉంది. అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీ ఉపరితలం మిగతా భాగం కన్నా లోతుగా గానీ నున్నగా గానీ ఉంటే అనుమానించండి.

జవాబు (కిరణకిరీటం):
పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మారియస్‌ను మాత్రం వాయిదా వేయవద్దని అంటాను. కమ్మరిగా జీవితం మొదలుపెట్టి చక్రవర్తి అయిన ఈయన రెండు మూడు రోజులే పాలించాడని పాత లాటిన్ చరిత్రలు చెబుతాయి. కానీ అన్ని రకాల నాణేలు, అన్ని అచ్చులతో రెండు మూడు రోజుల్లో బయటికి రావడం ఏ టంకశాలకూ సాధ్యం కాదు కనుక అతని పాలన వారాల తరబడి సాగి ఉండాలి. రెండు చేతులు కలుపుకున్న బొమ్మతో, ‘కాంకోర్డియా మిలిటుమ్’ (సైనికుల ఐకమత్యం) అన్న మాటలతో ఉన్న అతని నాణెం దొరికితే తీసుకోండి. సైనికుల మద్దతు ఎంత పలచగా ఉందో ఆ బొమ్మే చెబుతుంది.

నకిలీ అని తొందరపడి తీర్పు చెప్పడం గురించి కూడా ఒక మాట. డొమిషియానస్ అనే గాలిక్ చక్రవర్తి పేరుతో 1900లో ఫ్రాన్స్‌లో బయటపడిన నాణేన్ని చాలామంది పండితులు నమ్మలేదు. 2003లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చాల్గ్రోవ్ దగ్గర దొరికిన కుండలో అదే అచ్చులతో ముద్రించిన రెండో నాణెం కనిపించాక గానీ మొదటిదానికి విలువ రాలేదు. రెండోది ఇప్పుడు ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు (కొత్తసేకర్త):
ఇద్దరికీ కృతజ్ఞతలు. అంచు చూశాను, అతుకు గీత లేదు, ఒకచోట పగులు ఉంది. మరి కరౌసియస్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు (టంకశాల):
కరౌసియస్‌ను గాలిక్ వరుసకు కొనసాగింపుగా కాకుండా వేరే అధ్యాయంగా సేకరించడం మంచిదని నా అభిప్రాయం. ఇంగ్లిష్ ఛానల్‌లో సముద్రపు దొంగలను అణచడానికి నియమితుడైన ఈ నౌకాదళాధిపతి, పట్టుకున్న సొత్తును తానే ఉంచుకుంటున్నాడన్న ఆరోపణ మీద రోమ్ చక్రవర్తి మాక్సిమియన్ మరణశిక్ష విధించగా, 286 ప్రాంతంలో బ్రిటన్‌ను తన చేతిలోకి తీసుకుని 293 వరకు పాలించాడు. తొలి రోజుల్లో కొత్త లోహపు బిళ్లలు చేసే తీరిక లేక పాత నాణేల మీదే తన ముద్ర వేయించాడు కనుక, కొన్నింటి మీద అతని లావుపాటి మెడ కింద విక్టోరినస్ కిరణాలో టెట్రికస్ గడ్డమో ఇంకా కనిపిస్తాయి. మీ దగ్గర ఆ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అలాంటిది ఒకటి మీ సేకరణలో చక్కగా ఇముడుతుంది. మాక్సిమియన్‌తో కలిసి పాలించిన చక్రవర్తి డయోక్లీషియన్ మంచి వెండి నాణేన్ని తిరిగి తెచ్చేలోపే కరౌసియస్ వెండి నాణేలు ముద్రించాడు గానీ అవి అరుదు. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో బయటపడిన 52,503 నాణేల్లో కూడా అలాంటివి ఐదే ఉన్నాయి.

కొనే ముందు అది ఎక్కడ దొరికిందో, ఎవరి చేతులు మారిందో కాగితం ఉందేమో అడగండి. ఇంగ్లండ్‌లో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం ఒకేచోట దొరికిన ఇలాంటి నాణేల గుంపును అధికారులకు తెలియజేయాలి. అలా నమోదైన నిక్షేపం నుంచి వచ్చినదానికి పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి. ఈలోగా మీ మొరటు టెట్రికస్ బరువు తూచి, రెండు వైపులా పక్కనుంచి వెలుగు పడేలా తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టండి. బొరుసు వైపు ఉన్నది ఏ దేవతో అప్పుడు పోల్చి చెప్పవచ్చు.