ప్రార్థన చేసి లేచేసరికి దిగులు ఇంకా పెరుగుతోంది. క్రమం ఏమైనా ఉందా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అందరికీ వందనాలు. మోకరించగానే ఈఎంఐ, ఆఫీసులో లేఆఫ్‌ల మాట, అమ్మ షుగర్ రిపోర్టు వరసగా వచ్చేస్తాయి. బైబిల్లో ఫిలిప్పీ పత్రిక 4:6 తెరిస్తే "చింతపడకుడి" అని ఉంటుంది. దాంతో చింతపడుతున్నందుకు ఇంకో చింత! "విశ్వాసం ఉంచండి" అనే జవాబు వద్దు. ఎంతసేపు, ఏ వరసలో, ఏం చదివి చేయాలో చెప్పండి.

బోయిన్‌పల్లి_బ్రదర్:
ఆ వచనం "చింతపడకుడి" దగ్గర ఆగదు సిస్టర్. వెంటనే మీ విన్నపాలు దేవునికి తెలియజేయమంటుంది. కాబట్టి విన్నపాన్ని విన్నపంలాగే రాయండి. నోటుబుక్‌లో ఒక్క పేజీ చాలు. "డబ్బు ఇబ్బంది" అని కాదు, "5వ తారీకు ఈఎంఐకి 6,000 తక్కువ" అని రాయాలి. పక్కనే రేపు చేయగలిగిన ఒక పని: బ్యాంకుకి ఫోన్, డాక్టర్ అపాయింట్‌మెంట్, ఏదైనా. మీ చేతిలో లేనిదైతే అక్కడ గీత గీయండి. లైనుకి ఒక్క వాక్యం ప్రార్థించి తర్వాతి లైనుకి వెళ్లండి. మొత్తం పదిహేను నిమిషాలు దాటొద్దు.

చాలామందికి ఎక్కడ తప్పుతుందంటే, అడగడం అయిపోయాక కూడా అదే సంగతి వివరంగా తిప్పి తిప్పి చెబుతుంటారు. అది ముందు "ప్రభువా" తగిలించిన చింతే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా మూడుసార్లు అవే మాటలు చెప్పి ప్రార్థించాడు కదా అంటారా? నిజమే, కానీ ఆ మాటలు ఎంత పొట్టివో చూడండి.

ఇంకోటి. ఫిలిప్పీ 4లోనే 7వ వచనం అడిగింది ఇస్తానని అనదు. దేవుని సమాధానం, అంటే శాంతి, హృదయానికి, తలంపులకు కావలి ఉంటుందంటుంది. గ్రీకులో అది సైనికుల కాపలాకి వాడే మాట. పౌలు ఆ పత్రిక రాసింది బంధకాల్లో ఉండి. కావలి ఉన్నంతమాత్రాన గుమ్మం బయట గొడవ ఆగదు.

కీర్తన_13:
పైన చెప్పింది బాగుంది, కానీ రాయడానికి ముందు ఏడవడానికి కొంచెం చోటు కావాలి. 13వ కీర్తన ఆరే వచనాలు. 1-2 "ఎన్నాళ్లవరకు" అనే ఫిర్యాదు, 3-4 విన్నపం, 5-6 నమ్మకం. పైకి, మెల్లగా చదవండి. రెండో వచనం తర్వాత ఆగి మీ ఫిర్యాదు మీ మాటల్లో చెప్పండి. మన సంఘాల్లో ఫిర్యాదు దాటేసి నేరుగా స్తుతికి దూకుతాం, అందుకే లోపలిది లోపలే ఉండిపోతుంది. 5వ వచనం నోట రాని రోజున 88వ కీర్తన తీయండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా బైబిల్లోనే ఉంది.

తార్నాక_అక్క:
షిఫ్ట్ దిగి తెల్లవారుజామున మూడింటికి ఈ లెక్కలేవీ పెట్టుకోకు తల్లీ. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుంటే దూత ముందు ఉపదేశం చెప్పలేదు. కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాక రెండోసారి లేపి పెట్టాడు. హోరేబు కొండ మీద దేవుని స్వరం ఆ తర్వాతే. నువ్వు కూడా ముందు తిని, నిద్రపోయి, లేచాక నోటుబుక్ తియ్యి.

ప్రార్థన మనవి వాట్సాప్ గ్రూపులో వివరంగా పెట్టకు, సాయంత్రానికి అది వార్త అవుతుంది. నోరు జారని ఒక్కరికి చెప్పు, ఒకరి భారాలు ఒకరు మోయమనే గలతీ 6:2 కి అది చాలు. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు. 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
థాంక్స్ అక్కా, బ్రదర్. 4:6లో "కృతజ్ఞతాపూర్వకముగా" అని కూడా ఉంది కదా. మనసులో లేకుండా చెబితే నటన కాదా?

బోయిన్‌పల్లి_బ్రదర్:
"అన్నిటికీ స్తోత్రం" అంటే నటనలాగే ఉంటుంది. ఇవాళ జరిగిన ఒక్కటి చెప్పండి. క్యాబ్ టైముకి వచ్చింది, అమ్మ షుగర్ నిన్నటికంటే తగ్గింది. ఏదీ దొరక్కపోతే ఆ లైను ఖాళీగా వదిలేసి "ఆమేన్" అనేయండి.