వీఈజీఎఫ్ మందులు క్యాన్సర్‌లో గెలిచాయా, ఓడాయా?

అరుణరేఖ:
కొత్త రక్తనాళాలు రాకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని 1971లో అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. ఆ నాళాలను పిలిచే సిగ్నల్ వీఈజీఎఫ్. దాన్ని పట్టేసే బెవాసిజుమాబ్ అనే మందు 2004లో ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కి వచ్చింది. ఆ ట్రయల్‌లో కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లు మధ్యస్థంగా 15.6 నెలలు బతికితే, ఇది కూడా కలిపినవాళ్లు 20.3 నెలలు. అంత ఆశ పెట్టుకుంటే దక్కింది ఇంతే. క్యాన్సర్‌లో ఈ సిద్ధాంతం ఓడిందనే నేనంటాను.

దృష్టి:
కంట్లో ఓడలేదండీ. వయసు మీదపడ్డాక రెటీనా కింద పిచ్చినాళాలు మొలిచి కారే జబ్బుకి 2006లో రానిబిజుమాబ్ వచ్చాక ఎంతోమందికి చూపు నిలిచింది. ఆపేది అదే సిగ్నల్ కదా.

అరుణరేఖ:
కన్ను వేరు. అక్కడ మందుని తప్పించుకునే క్యాన్సర్ కణాలు లేవు. నేనడిగింది క్యాన్సర్ గురించి.

కణమిత్ర:
ఓడిందనేముందు ఆ దారి ఎలా నడుస్తుందో చూడండి. ఆక్సిజన్ తగ్గితే హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ విరిగిపోకుండా నిలుస్తుంది, వీఈజీఎఫ్ తయారీని పెంచుతుంది. అది దగ్గరి నాళం గోడలోని కణాలను తాకితే ఒక కణం ముందుకు పొడుచుకొస్తుంది. అదే కణం తన మీదున్న డీఎల్ఎల్4 అనే ప్రొటీన్ ద్వారా పక్క కణాల్లో నాచ్ అనే సిగ్నల్ లేపి, మీరు రావద్దని ఆపుతుంది. ఎలుకల్లో ఈ డీఎల్ఎల్4ని అడ్డుకుంటే నాళాలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. కానీ వాటిలో రక్తం సరిగా పారక కణితి పెరుగుదల తగ్గింది. అంటే నాళాల లెక్క ఒక్కటే చూస్తే విషయం అర్థం కాదు.

ఒక దారి మూస్తే కణితి ఎఫ్‌జీఎఫ్, యాంజియోపోయిటిన్-2 లాంటి వేరే సిగ్నళ్లు వాడుకుంటుంది. కొన్ని కణితులు కొత్త నాళాలే అడగవు, ఉన్నవాటిని పట్టుకుని పాకుతాయి. మరోవైపు, ఈ మందుని తగిన మోతాదులో ఇస్తే కారే నాళాలు కొంతకాలం కుదుటపడి కీమో లోపలికి బాగా చేరుతుందని కణితి నాళాల పరిశోధకుడు రాకేశ్ జైన్ వాదన. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో బెవాసిజుమాబ్‌ని ఇమ్యూన్ మందు అటెజోలిజుమాబ్‌తో కలిపి ఇచ్చే పద్ధతికి 2020లో అనుమతి వచ్చింది. ఓడిపోయిన మందుని ఎవరైనా అలా కలుపుతారా?

అరుణరేఖ:
ఇంత రాశారు, 2011 మాట లేదు. రొమ్ము క్యాన్సర్‌కి బెవాసిజుమాబ్ వాడొచ్చని ఇచ్చిన అనుమతిని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. జబ్బు ముదరడం కొన్నాళ్లు ఆగింది గానీ ఆయుష్షు పెరిగిందని తేలలేదు. దీనికి జవాబు చెప్పండి.

కణమిత్ర:
ఒక్క క్యాన్సర్‌ని పట్టుకుని మొత్తం దారిని కొట్టేస్తారా?

అరుణరేఖ:
మళ్లీ జవాబు దాటేశారు. 2011.

పాఠకుడు:
ఈ మందుతో బీపీ ఎందుకు పెరుగుతుందో ఎవరైనా చెప్పండి.

దృష్టి:
వీఈజీఎఫ్ సిగ్నల్ నైట్రిక్ ఆక్సైడ్ పుట్టించి నాళాలను వదులు చేస్తుంది. అది ఆగితే బిగుసుకుంటాయి. కిడ్నీ వడపోతకీ ఆ సిగ్నల్ కావాలి, అందుకే మూత్రంలో ప్రొటీన్ కూడా చూస్తుంటారు.

వేకువ:
మా అమ్మకి ఈ మందు నడుస్తుండగానే పెద్ద ఆపరేషన్ చేశారు. కుట్లు విచ్చుకున్నాయి, పుండు మానలేదు. గాయం మానడానికీ అదే సిగ్నల్ కావాలట. ఆపరేషన్‌కి కనీసం 28 రోజుల ముందు ఆపాలని మందు కాగితంలోనే ఉంది. మాకెవరూ చెప్పలేదు. డీఎల్ఎల్4 గురించి రాసేవాళ్లు ఇది కూడా రాయండి.

కణమిత్ర:
బాధాకరమే. కానీ అది వాడిన తీరులో తప్పు, మందుది కాదు.

వేకువ:
మంచం పక్కన కూర్చున్నవాళ్లకి ఆ తేడా చెప్పకండి.

కణమిత్ర:
నేనూ కూర్చున్నానండీ! నాన్నకి మెదడులో గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్. ఈ మందుతో వాపు తగ్గింది, స్టెరాయిడ్ తగ్గించారు, మళ్లీ మాతో మాట్లాడారు. దాన్ని ఓటమి అంటే ఊరుకోలేను.

అరుణరేఖ:
ఆ జబ్బులోనే రెండు పెద్ద ట్రయల్స్ 2014లో వచ్చాయి. ఆయుష్షు పెరగలేదు. పైగా నాళాలు కారడం తగ్గితే స్కాన్‌లో తెల్లమచ్చ చిన్నదవుతుంది, కణితి అలాగే ఉన్నా సరే. వీఈజీఎఫ్‌ని మొదట కనిపెట్టింది కూడా నాళాలు కారేలా చేసే పదార్థంగానే, 1983లో. స్కాన్ చూపించి బాగవుతోందని చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కణమిత్ర:
మాకు స్కాన్ చూపించి ఆశ పెట్టలేదు. ఆయుష్షు పెరగకపోవచ్చు, తలనొప్పి తగ్గొచ్చు అని ముందే చెప్పారు. నాన్నే కావాలన్నారు. మీరు నెలలు లెక్కపెడుతున్నారు, ఆయన ఆ నెలలు ఎలా గడిచాయన్నది చూసుకున్నారు.

వేకువ:
మీ నాన్నగారిని అడిగారు. మా అమ్మని అడగలేదు.

అరుణరేఖ:
అడగాలన్నా ఏం చెప్పి అడుగుతారు? ఎవరికి పనిచేస్తుందో ముందే తేల్చే నమ్మకమైన పరీక్ష ఈ మందుకి ఇప్పటికీ వాడుకలో లేదు. అది లేకుండా అందరికీ ఇస్తూ గెలిచామంటే ఒప్పుకోను.

కణమిత్ర:
పరీక్ష కావాలన్నది నిజం. 2011 నిర్ణయం తప్పని నేనెక్కడా అనలేదు. ఓడిందన్న మాట మాత్రం ఒప్పుకోను.