ఎపిసోడ్ చూపించని ఏడుపును మనం రాయొచ్చా?

జయనగర్ జాజి:
మా తెలుగు మిత్రులం ఆదివారం కబ్బన్ పార్కులో కలిసినప్పుడు స్టార్ ట్రెక్ అనే సీరియల్ పాత్రలతో నేను రాసుకున్న ఫ్యాన్ ఫిక్షన్ కథ చదివి వినిపించాను. అయ్యాక ఒకరు, "బాగుంది కానీ, ఎపిసోడ్ కావాలని వదిలిన మౌనాన్ని నువ్వు మాటలతో పూడ్చేశావు" అన్నారు. నాలుగు రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది. అందుకే అడుగుతున్నా. ఎపిసోడ్ చూపించని దుఃఖాన్ని అభిమానులు రాయొచ్చా?

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. స్టార్ ట్రెక్ అమెరికా టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్. అందులో 1967 ఏప్రిల్ 6న వచ్చిన ఎపిసోడ్, 'ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్, అతని కింది అధికారి స్పాక్ కాలంలో వెనక్కి, 1930 నాటి న్యూయార్క్‌కి వెళ్తారు. అక్కడ దిక్కులేనివాళ్ళకి అన్నం పెట్టే ఈడిత్ కీలర్‌ని కిర్క్ ప్రేమిస్తాడు. కానీ ఆమె బతికితే, ఆమె నడిపే శాంతి ఉద్యమం వల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుంది, హిట్లర్ గెలుస్తాడు. లారీ మీదికొస్తుంటే ఆమెను కాపాడబోయిన నౌక డాక్టర్ మెకాయ్‌ని కిర్కే గట్టిగా పట్టుకుని ఆపేస్తాడు. తిరిగొచ్చాక, ఇక్కణ్ణుంచి పోదాం పదండి అని ఒక్క ముక్క అంటాడు. అంతే, అయిపోయింది.

నా కథ ఆ రాత్రి కిర్క్ గదిలో. స్పాక్ వస్తాడు, కిర్క్ ఏడుస్తాడు, స్పాక్ ఓదారుస్తాడు.

నాన్న పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు రాత్రి కడపలో బస్సెక్కాను. తెల్లారి సిల్క్ బోర్డ్ దగ్గర దిగి, తొమ్మిదిన్నరకి మీటింగ్‌లో కూర్చున్నాను. "అంతా ఓకేనా?" అన్నారు. "ఓకే" అన్నాను. చార్జర్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే నాన్న కళ్ళజోడు పెట్టె తగిలింది. అవతల ఎవరో రిలీజ్ డేట్ గురించి చెప్తున్నారు. కిర్క్ ఆ ముక్క అన్నప్పుడల్లా నాకు నా 'ఓకే' వినిపిస్తుంది. అందుకే రాశాను.

వైట్‌ఫీల్డ్ వాసి:
జాజి గారూ, నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా నా మాట మారదు. రాయకూడదు. ఆ ఒక్క ముక్కలోనే దుఃఖమంతా ఉంది. హర్ట్ కంఫర్ట్ అనే ట్యాగ్‌తో వచ్చే కథలు చాలానే చదివాను. ఎవరో తలుపు తడతారు, ఈయన భుజమ్మీద తలపెట్టి ఏడుస్తాడు, తెల్లారేసరికి తేలికపడతాడు. అది కిర్క్ బాధ కాదు, చూసి తట్టుకోలేక మనకు మనం రాసుకున్న మందు. తన చేతులతోనే ఆమెను చావనిచ్చిన మనిషికి ఒక్క రాత్రిలో ఉపశమనం ఇచ్చేస్తే, ఈడిత్ ఏమైపోవాలి?

కోరమంగళ బాటసారి:
ఎపిసోడ్ 'కావాలని' వదిలిందని ఎవరన్నారు? తర్వాతి వారం, ఏప్రిల్ 13న వచ్చిన ఎపిసోడ్‌లో కిర్క్ అన్న శామ్ చనిపోతాడు, వదిన కూడా పోతుంది. ఈడిత్ పేరు ఒక్కసారి రాదు. చివర్లో అందరూ స్పాక్‌ని ఆటపట్టిస్తుండగా ముగిసిపోతుంది. వారం తిరక్కుండా మూడు చావులు చూసిన మనిషి అతను! పోయిన వారం చూడనివాళ్ళకి కూడా అర్థం కావాలని అప్పట్లో ఏ వారం కథ ఆ వారమే ముగించేవాళ్ళు. అది టీవీ అవసరం. దాన్ని మౌనమనీ కళ అనీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరులో 'స్పాకనేలియా' అనే అభిమానుల పత్రిక వచ్చిందంటే, టీవీ చెప్పనిదాని కోసం జనం అంత ఆకలిగా ఉన్నారు కాబట్టే.

ఇంకో సంగతి. ఈ ఎపిసోడ్ రాసిన హార్లన్ ఎల్లిసన్ మొదటి స్క్రిప్టులో, చివర కిర్క్ గదికి స్పాక్ వచ్చి ఓదార్చే సీన్ ఉంది. అచ్చం జాజి గారు రాసిన సీనే! స్క్రిప్టు తిరగరాయించినప్పుడు అది ఎగిరిపోయింది. ఎల్లిసన్ ఆ మార్పుల్ని ఎప్పటికీ క్షమించలేదు. ఆ మొదటి స్క్రిప్టుకే రైటర్స్ గిల్డ్ అవార్డు వచ్చింది.

వైట్‌ఫీల్డ్ వాసి:
టీవీలో వచ్చినదానికి 1968లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, అది కూడా చెప్పండి. అసలు విషయం అది కాదు. ఎల్లిసన్ స్క్రిప్టులో కిర్క్ ఆమెను చావనివ్వలేకపోతాడు. ఆ పని స్పాక్ చేయాల్సి వస్తుంది. అందుకే అక్కడ స్పాక్ ఓదార్పు నప్పుతుంది. టీవీ కిర్క్ తనే చేశాడు. వాళ్ళిద్దరూ ఒక మనిషి కాదు. ఆ ఓదార్పు తెచ్చి ఇతనికి అతికిస్తే అతకదు.

బసవనగుడి అత్తమ్మ:
నేను మీ సీరియల్ చూడలేదు, మా అబ్బాయి చూస్తాడు. కానీ జాజీ, రాయొచ్చా అని అడుగుతున్నావా? మన ఆడవాళ్ళు ఎప్పటినుంచో పాడుతూనే ఉన్నారు కదమ్మా. పట్టాభిషేకంతో అందరి కథా అయిపోయింది. మరి పద్నాలుగేళ్ళు మొగుడి మొహం చూడని ఊర్మిళ సంగతేంటి? దానికే ఊర్మిళాదేవి నిద్ర పాట. మా అమ్మమ్మ పప్పు రుబ్బుతూ పాడేది.

ఆ పాటలో లక్ష్మణుడు రాగానే ఊర్మిళ కౌగిలించుకుని ఏడవదు. ఎవరో పరాయి మగవాడు గదిలోకొచ్చాడని వణికిపోతుంది, మా వాళ్ళకి తెలిస్తే నీ గతేంటని గద్దిస్తుంది. నేనేనమ్మా అని అతను చెప్పుకోవాలి. అక్కడికొచ్చేసరికి అమ్మమ్మ చెయ్యి రోలు మీద ఆగిపోయేది. ఆ వైట్‌ఫీల్డ్ అబ్బాయి అన్నదాంట్లో కొంత నిజముంది. ఓదార్పు అంత గబగబా రాకూడదు. కానీ రాయొద్దంటే మాత్రం ఒప్పుకోను.

జయనగర్ జాజి:
అత్తమ్మ గారూ, నిన్న రాత్రి రెండింటి దాకా కూర్చుని మళ్ళీ రాశాను. వైట్‌ఫీల్డ్ గారూ, మీరు చెప్పింది నిజమే, ఆ ఏడుపు కిర్క్‌ది కాదు, నాది. అది తీసేశాను. కథ మాత్రం ఆపను.

మళ్ళీ ఎపిసోడ్ చూస్తుంటే ఒకటి కనిపించింది. తిరిగొచ్చేసరికి కిర్క్ యూనిఫారంలో ఉంటాడు. ఆ 1930 నాటి చొక్కా కూడా ఒంటి మీద ఉండదు. నాకు కళ్ళజోడు పెట్టయినా మిగిలింది.

ఇప్పుడు స్పాక్ తలుపు దాకా వస్తాడు, లోపలికి రాడు. కిర్క్ మంచం మీద కూర్చుని ఉంటాడు. అతని చెయ్యి జేబు కోసం తడుముకుంటుంది. యూనిఫారానికి జేబు లేదు. శుక్రవారం ఇక్కడే పెడతాను, చదవండి.